పదహారు పక్కన ఒకటి

పుస్తకం వేసుకోవడం గురించి ఏడవని తెలుగు కవిని నేనింతవరకు చూడలేదు. ఆ ఏడుపులో న్యాయం లేకపోలేదు. చేతి డబ్బు పెట్టి ఐదొందల కాపీలు వేయించుకోవాలి. ఆవిష్కరణ సభలో వేదిక మీద ఆరుగురికి, కింద కూర్చున్న పాతికమందికి పంచాలి. షాపుల వాళ్ళకి కొన్ని ఇచ్చి, లెక్క అడగడానికి మొహమాటపడాలి. మిగిలిన కట్టలు మంచం కిందకి తోయాలి. ఇల్లు మారినప్పుడల్లా సామాన్ల ఆటోలో అవీ మారతాయి. ఇదంతా మనకు తెలిసిన కథే, పదేపదే చెప్పుకుని జాలిపడే కథే.

నాకు ఆ జాలి మీద నమ్మకం పోయింది. ఐదొందలు వేయించమని ఎవరు చెప్పారు? మీ కవిత్వం నిజంగా చదివేవాళ్ళు నలభైమంది ఉన్నారు. వాళ్ళ పేర్లు మీకు తెలుసు, చాలామంది ఫోన్ నంబర్లూ తెలుసు. నలభై కాపీలు మీరే వేసుకోవచ్చు కదా అని ఎవరినైనా అడిగి చూడండి. నాకు వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే. "అదంతా టెక్నికల్ అండీ, మన పని కాదు."

మన పనే. పేజీల్ని మడతకు సరిపడా పేర్చుకోవడం, అంటే ఏ పేజీ పక్కన ఏ పేజీ అచ్చు కావాలో తెలుసుకుని ఆ వరసలో పెట్టుకోవడం, రాయడంలో చివరి భాగం. దానికి కంప్యూటర్‌లో ఒక్క వరస టైప్ చేస్తే చాలు. ఆ వరస నేర్చుకునే ఓపిక లేనివాళ్ళు ప్రచురణకర్తల్నీ, పాఠకుల్నీ, కాలాన్నీ తిట్టడం నాకు విసుగు పుట్టిస్తోంది. అందుకే ఈ వ్యాసం.

ముందు ఆ ఐదొందల సంగతి తేల్చుకుందాం. ఆఫ్‌సెట్‌లో ఖర్చు ఎక్కువగా మొదటి కాపీ రాకముందే అయిపోతుంది. ప్లేట్లు చెయ్యాలి, మిషన్ మీదికి ఎక్కించాలి, సిరా కుదిరేదాకా కొంత కాగితం పారెయ్యాలి. ఒక కాపీకైనా వెయ్యి కాపీలకైనా ఈ భాగం మారదు. అందుకే ప్రెస్‌లో "ఎలాగూ ప్లేటు చేస్తున్నాం, వెయ్యి వేయించుకోండి సార్" అంటారు. వాళ్ళ లెక్క వాళ్ళకి సరైనదే. అది సిరా లెక్క, యంత్రం లెక్క. దాన్ని మనం సాహిత్యం లెక్కగా తలకెత్తుకున్నాం. పుస్తకమంటే కనీసం ఐదొందలు, కనీసం ఎనభై పేజీలు, వీపు మీద పేరు పట్టేంత మందం.

ఆ మందం ఎంత చెడ్డపని చేస్తుందో చూడండి. ప్రింట్ ఆన్ డిమాండ్ వచ్చింది, యాభై కాపీలు కూడా వేసి ఇస్తున్నారు, మంచిదే. కానీ ఆ అట్టకీ వీపు కావాలి, వీపుకి పేజీలు కావాలి. పన్నెండు మంచి కవితలున్న కుర్రాడు ఆ పేజీల కోసం ఇంకో నలభై రాస్తాడు. మూడు ముందుమాటలు అడిగి తెచ్చుకుంటాడు. ఒక అభినందన, ఒక ఆత్మీయ వాక్యం, కృతజ్ఞతలు నాలుగు పేజీలు. పన్నెండు కవితలూ ఆ గుంపులో ఎక్కడో తప్పిపోతాయి. ఆ కుర్రాడికి కావలసింది పదహారు పేజీలు. నాలుగు ఏ4 కాగితాలు, నడుమ రెండు పిన్నులు. మా వీధి జిరాక్స్ షాపులో బ్యాక్ టు బ్యాక్ కాగితానికి మూడు రూపాయలు తీసుకుంటాడు. నాలుగు కాగితాలకి పన్నెండు రూపాయలు. అట్టకి రంగు కాగితం ఒకటి. టీ, సమోసా ఖరీదుకి ఒక కవితా సంపుటి వస్తుంది. ఎందుకు రావడం లేదు?

నాలుగు కాగితాల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి మడిస్తే ఏ పేజీ ఎక్కడ పడుతుందో మనకు తెలియదు కాబట్టి.

నిజానికి తెలుసు. బళ్ళో చదివినవాళ్ళందరికీ తెలుసు. నోట్‌బుక్‌లో మొదట్లో ఒక కాగితం చించితే, వెనకెక్కడో ఇంకో కాగితం ఊడి చేతికొచ్చేది గుర్తుందా? చించిన సంగతి మేష్టారికి తెలియకూడదని ఆ రెండోదాన్ని కూడా లాగేసేవాళ్ళం. ఆ రెండూ ఒకే కాగితం. నడుమ మడత. పుస్తకం గురించి తెలుసుకోవలసిన ముఖ్యమైన రహస్యం ఇంతే. వరసగా చదివే పేజీలు కాగితం మీద వరసగా ఉండవు. మొదటి పేజీకి జోడీ చివరి పేజీ.

ఇప్పుడే నాలుగు చిత్తుకాగితాలు తీసుకోండి. కలిపి సగానికి మడవండి. ఒకటి నుంచి పదహారు దాకా పెన్సిల్‌తో అంకెలు వెయ్యండి. విప్పి చూడండి. అన్నిటికన్నా బయటి కాగితానికి పైవైపు ఎడమన 16, కుడిన 1. తిప్పితే 2, 15. తర్వాతి కాగితం మీద 14, 3. వెనక 4, 13. ఆపైన 12, 5. 6, 11. అన్నిటికన్నా లోపలి కాగితానికి ఒకవైపు 10, 7. రెండోవైపు 8, 9. ఏ జతనైనా కూడితే పదిహేడే వస్తుంది. ఎనిమిది పేజీల పుస్తకమైతే తొమ్మిది. పేజీల సంఖ్యకి ఒకటి కలిపితే వచ్చేది. ఇందులో పక్కపక్క పేజీలు నిజంగా ఒకే కాగితం మీద పక్కపక్కన పడేది ఒక్కచోటే, నడిమధ్య, 8, 9. సినిమా పత్రికలవాళ్ళు హీరో పెద్ద బొమ్మ అక్కడే ఎందుకు వేసేవాళ్ళో, మనం పిన్నులు జాగ్రత్తగా విప్పి దాన్ని గోడకి ఎలా అంటించేవాళ్ళమో ఇప్పుడర్థమవుతుంది. రెండు పేజీల పొడుగున సాగే కవిత ఉంటే దాని చోటూ అదే.

ప్రెస్ భాషలో ఈ పేర్పుని ఇంపోజిషన్ అంటారు. మనకి ఆ మాట వేరేగా తెలుసు. హోంవర్క్ చెయ్యనందుకు వందసార్లు రాయించే శిక్ష. తెలుగు రచయితలు ఈ రెండో ఇంపోజిషన్‌ని కూడా శిక్ష అనే అనుకుంటున్నట్టున్నారు. సీసం అక్షరాల కాలంలో ఫోర్‌మన్ ఈ లెక్క తలలో పెట్టుకుని పేజీల దిమ్మల్ని బల్ల మీద పేర్చేవాడు. తర్వాత అది డీటీపీ ఆపరేటర్ చేతికొచ్చింది. పేజ్‌మేకర్‌లో బిల్డ్ బుక్‌లెట్ అని ఒకటుంటుంది, అందులో చేసిపెట్టేవాడు. ఆ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది. దాన్ని ఇప్పటికీ మన ఊళ్ళలో వదలకుండా వాడుతున్నవాళ్ళున్నారు, ఎందుకంటే పాత తెలుగు ఫాంట్ల ఫైళ్ళు అందులోనే సరిగ్గా తెరుచుకుంటాయి. వాళ్ళని నేను ఎగతాళి చెయ్యను. మనం చేతులు కడుక్కున్న జ్ఞానాన్ని ఇన్నేళ్ళు మోసింది వాళ్ళు.

ఇక ఆ ఒక్క వరస సంగతి. కమాండ్‌లైన్ అనగానే నల్లతెర, పచ్చక్షరాలు, మన సినిమాల్లో కళ్ళజోడు పెట్టుకుని టకటకా కొట్టే హ్యాకర్ గుర్తొస్తాడు. అంత సీను లేదు. పీడీఎఫ్‌జామ్ అని ఒక ఉచిత సాధనం ఉంది. డేవిడ్ ఫర్త్ అనే స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ తన అవసరానికి రాసుకుని అందరికీ వదిలిపెట్టాడు. దాని పేరు టైప్ చేస్తారు. పక్కన బుక్‌లెట్ కావాలి అన్న మాట. కాగితం అడ్డంగా అన్న మాట. ఏ4 అన్న మాట. చివర మీ ఫైలు పేరు. ఎంటర్. కొన్ని సెకన్లలో ఇంకో ఫైలు వస్తుంది. అందులో మొదటి పుట మీద 16 పక్కన 1 ఉంటుంది. మీ రచన పధ్నాలుగు పేజీలే అయితే చివర రెండు ఖాళీలు అదే కలుపుకుంటుంది, ఎందుకంటే మడతపెట్టిన కాగితానికి ఎప్పుడూ నాలుగేసి పేజీలు. ఆ ఖాళీ చివర కాకుండా శీర్షిక పేజీ వెనక కావాలంటే అదీ చెప్పొచ్చు. పేజీల వరస రాసేటప్పుడు ఆ చోట ఖాళీ కర్లీ బ్రాకెట్లు పెడితే చాలు. కవికి ఖాళీ పేజీ ఎక్కడ ఉండాలో చెప్పే అధికారం ఇంత తేలికగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంకోటి నేను చూడలేదు.

పొడుగు రచనలకు ఇంకో సంగతి. అరవైనాలుగు పేజీల నవలికని ఒకే మడతలో పెడితే పదహారు కాగితాలు, లోపలివి ముందుకు తోసుకొచ్చి అంచు మెట్లుమెట్లుగా తయారవుతుంది, పిన్ను దిగదు. అప్పుడు పదహారేసి పేజీల కట్టలు నాలుగు చెయ్యమనాలి. మన ప్రెస్‌లో ఫారం అనే మాట ఉంది కదా, "మీ నవల ఎన్ని ఫారాలు వస్తుందండీ" అంటారు కదా, ఆ ఫారం ఇదే. పీడీఎఫ్‌జామ్‌లో దాని పేరు సిగ్నేచర్, పక్కన 16 అని అంకె పెడతారు. ఆ నాలుగు కట్టల్నీ దారంతో కుట్టాలి. కుట్టడం నాకు ఒక ఆదివారం మధ్యాహ్నం పట్టింది, ఆ పని గురించి విడిగా రాయాలి.

ఇంతకన్నా పాత సాధనాలూ ఉన్నాయి. ఆంగస్ డగ్గన్ 1990ల మొదట్లోనే పోస్ట్‌స్క్రిప్ట్ ఫైళ్ళకి పీఎస్‌బుక్ రాశాడు, చేసే పని ఇదే. వరస మొత్తం నేనే చెప్తాను అనే మొండివాళ్ళకి క్యూపీడీఎఫ్ ఉంది. 16, 1, 2, 15 అని మీరు చేత్తో రాస్తే ఆ వరసలో పేజీలు మార్చి ఇస్తుంది. రెండేసి పక్కపక్కన పెట్టే పని ప్రింట్ చేసేటప్పుడు చూసుకోవాలి. హైదరాబాద్‌లో నాకో ఉర్దూ కవి మిత్రుడున్నాడు, ఆయన పుస్తకం కుడివైపు నుంచి తెరుచుకుంటుంది. ఆయనకి జతలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడాలి, 1, 16. తర్వాత 15, 2. ఆయన తన వరస తనే రాసుకున్నాడు.

తెలుగువాళ్ళం దీనికి ప్రత్యేకంగా మొక్కాల్సిన కారణం ఒకటుంది. మన లిపిని కంప్యూటర్లు ఎన్ని రకాలుగా విరగ్గొడతాయో ఈ పత్రిక చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక సాఫ్ట్‌వేర్‌లోంచి ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి పోస్తే వత్తులు పక్కకొచ్చి నిలబడతాయి, పొల్లులు మొలుస్తాయి. పాత ఫాంట్ల పీడీఎఫ్‌లోంచి పేరా కాపీ చేస్తే ఇంగ్లిష్ అక్షరాల చెత్త వస్తుంది. పేజీలు పేర్చే సాధనం అక్షరాల జోలికే పోదు. దానికి ప్రతి పేజీ మూతేసిన పెట్టె. లోపల తెలుగు ఉందో తమిళం ఉందో, యూనికోడ్‌దో పాత ఫాంట్‌దో, బొమ్మగా స్కాన్ చేసిందో దానికి అనవసరం. పెట్టెల్ని అటూ ఇటూ జరుపుతుంది, అంతే. తెలుగు ముక్క రాని మనిషి రాసిన సాధనం తెలుగుకి ఒక్క గీత కూడా చెడకుండా పనిచేస్తుంది. తెలుగు కోసమే చేశాం అని చెప్పుకున్న ఎన్ని సాఫ్ట్‌వేర్ల గురించి ఈ మాట అనగలం?

ఇక అభ్యంతరాలు. నాకు వినిపించినవాటిలో కాస్త బరువున్నది ఇది. "పీడీఎఫ్ చదివే ప్రోగ్రామ్‌లో ప్రింట్ నొక్కితే బుక్‌లెట్ అని బటన్ ఉంది కదా, ఈ నల్లతెర ఎందుకు?" ఉంది. ఇంట్లో ప్రింటర్ ఉంటే వాడండి, పాపం లేదు. కానీ ఆ బటన్ చేసే పేర్పు ప్రింటర్‌లోకి పోయి అక్కడే ఆగిపోతుంది. ఫైలు మాత్రం ఎప్పట్లానే ఉంటుంది. మీ కథ చదివి నచ్చిన అనంతపురం పాఠకురాలు దాన్ని వేసుకోవాలంటే ఆవిడ వెళ్ళిన జిరాక్స్ షాపులో ఆ ప్రోగ్రామ్ ఉండాలి, ఆ బటన్ ఎక్కడుందో అబ్బాయికి తెలియాలి, వెనక పదిమంది ఆధార్ కాపీల కోసం నిలబడి ఉండగా అతనికి ఓపిక ఉండాలి. కమాండ్‌లైన్ సాధనం ఇచ్చేది ఫైలు. పేర్పు ఫైల్లోనే ఉంటుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఏ ఊళ్ళో ఏ షాపుకైనా పోయి "ఇది ఉన్నదున్నట్టు బ్యాక్ టు బ్యాక్ కొట్టండి, షార్ట్ ఎడ్జ్" అంటే చాలు. షార్ట్ ఎడ్జ్ అనడం మాత్రం మరవకూడదు. అది చెప్పకపోతే వెనకవైపు పేజీలు తలకిందులుగా పడతాయి. ఛందస్సులో యతిస్థానాలు కంఠతా పట్టిన జాతి ఈ రెండు మాటలు గుర్తుపెట్టుకోగలదు.

పైగా బటన్‌ని ఒకరికి రాసి పంపలేం. తెర ఫొటోలు తియ్యాలి, ఎర్రబాణాలు గియ్యాలి, చివరికి "మా దాంట్లో ఆ మెనూ లేదండీ" అంటారు. కమాండ్ ఒక వాక్యం. వాట్సాప్‌లో పంపొచ్చు, పుస్తకం చివరి పేజీలో అచ్చు వెయ్యొచ్చు, ఐదేళ్ళ తర్వాత తీసి మళ్ళీ వాడొచ్చు. ఒక్క జాగ్రత్త, కొన్ని ఫోన్లు రెండు చిన్న అడ్డగీతల్ని కలిపి ఒక పొడుగు గీత చేసేస్తాయి. అప్పుడది పనిచెయ్యదు. మన కవిత్వంలో ప్రూఫు దిద్దుతాం కదా, ఇదీ అలాంటిదే.

ఉచితంగా పేజీలు మార్చి ఇచ్చే వెబ్‌సైట్లను వాడుతున్నామనేవాళ్ళూ ఉన్నారు. అచ్చుకాని నవల రాతప్రతిని ముక్కూమొహం తెలియని సర్వర్‌కి ఎక్కించి, చుట్టూ ప్రకటనల మధ్య డౌన్‌లోడ్ బటన్ ఏదో వెతుక్కునే రచయితే, ఎవరో తన లైన్లు కాపీ కొట్టారని ఫేస్‌బుక్‌లో నాలుగు పేరాలు రాస్తాడు. ఆ పని మీ కంప్యూటర్‌లోనే, నెట్ లేకుండా, ఎవరికీ చూపించకుండా జరుగుతుంది. ఇంతకన్నా ఏం చెప్పను.

అసలైన అభ్యంతరం మొదట చెప్పినదే. టెక్నికల్ సంగతులు రచయిత పని కాదన్నది. పీడీఎఫ్‌జామ్ కింద ఏముందో చూస్తే ఈ మాట అనేవాళ్ళు కొంచెం సిగ్గుపడతారేమో. అది సొంతంగా పెద్దగా ఏమీ చెయ్యదు. ఆండ్రియాస్ మత్తియాస్ రాసిన పీడీఎఫ్‌పేజెస్ అనే ప్యాకేజీని పనిలోకి పిలుస్తుంది. అది లేటెక్ మీద నడుస్తుంది, లేటెక్ టెక్ మీద నడుస్తుంది. ఆ టెక్ ఎలా పుట్టింది? డొనాల్డ్ నూత్ అనే స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ అప్పటికే పేరుపడ్డ పుస్తకాలు రాసినవాడు. కంప్యూటర్ ప్రోగ్రామింగ్ మీద తన మహాగ్రంథం రెండో సంపుటానికి రెండో కూర్పు వస్తుంటే 1977లో ప్రూఫులు చేతికొచ్చాయి. మొదటి కూర్పు సీసం అక్షరాలతో వేసింది. ఈసారి కొత్త ఫొటో పద్ధతి. అక్షరాలు చూసి ఆయనకి కడుపు తరుక్కుపోయింది. ప్రచురణకర్తని తిట్టి ఊరుకోలేదు. సభలో ప్రసంగించి ఊరుకోలేదు. తన పుస్తకం పేజీ ఎలా ఉండాలో తనే చెప్పగలిగే సాఫ్ట్‌వేర్ రాయడానికి కూర్చున్నాడు. ఏడాదిలో అయిపోతుందనుకున్న పని దాదాపు పదేళ్ళు పట్టింది. రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. మనం నలభై కాపీల కవితల పుస్తకానికి టైప్ చేసే ఆ ఒక్క వరస కింద, తన ప్రూఫులు నచ్చని ఒక రచయిత పదేళ్ళ మొండితనం ఉంది. ఆయన పదేళ్ళు పెట్టాడు. మిమ్మల్ని అడుగుతున్నది పది నిమిషాలు.

మనవాళ్ళు మాత్రం అలా లేరా? కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని మొదలుపెట్టి, కొన్నాళ్ళు మద్రాసులో అచ్చు వేయించి, ఇలా కాదని రాజమండ్రిలో సొంత ప్రెస్సు పెట్టుకున్నాడు. అచ్చు ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ళ చేతిలో ఉంటుందని ఆయనకి ఎవరూ సెమినార్ పెట్టి చెప్పలేదు. మరి ప్రెస్సు చేతిలో లేకపోతే ఏమవుతుందో చూడాలంటే మహాప్రస్థానం ఉంది. చలం యోగ్యతాపత్రం 1940లో రాశాడు. పుస్తకం 1950లో వచ్చింది. ముందుమాట సిద్ధంగా ఉండి పదేళ్ళు. మధ్యలో ఒక ప్రపంచయుద్ధం అయిపోయింది, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. ఆ కవితలు అప్పటికే పత్రికల్లో, నోళ్ళలో తిరుగుతున్నాయి కాబట్టి సరిపోయింది. శ్రీశ్రీ కాని కవికి పదేళ్ళు ఆగితే ఏం మిగులుతుంది?

"అయినా పిన్నులు కొట్టింది పుస్తకమేంటండీ, కరపత్రంలా ఉంటుంది" అనే పెద్దమనుషులకి నా దగ్గర మర్యాదైన జవాబు లేదు. దిగంబర కవులు 1965లో తమ మొదటి సంపుటిని నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారని ఈ పెద్దమనుషులే ప్రతి సభలో మురిసిపోతూ చెప్తారు. ఆ మురిపెం అట్ట దాకా వచ్చేసరికి ఆగిపోతుంది. అట్టకి లామినేషన్ కావాలి, లోపల మ్యాప్‌లిథో కావాలి, వెనక ఐఎస్‌బీఎన్ కావాలి. అవార్డు కమిటీకి నాలుగు కాపీలు పంపడానికి అవన్నీ కావాలి, నిజమే. చదవడానికి అక్కర్లేదు.

నన్ను ఈ పనిలో పడేసింది మా పెద్దమ్మ. తెనాలిలో ఉంటుంది, డెబ్భై దాటాయి, కథలంటే ప్రాణం. ఫోన్‌లో చదివితే కళ్ళు లాగేస్తాయి. మనం రోజూ మెచ్చుకుని పంచుకునే వెబ్‌పత్రికల కథల్లో ఒక్కటీ ఆవిడకి అందదు. తెలుగు కథ ఏమైపోయిందిరా, వారపత్రికలు ఆగిపోయాక ఎవరూ రాయడం లేదా అని అడిగింది. రాస్తున్నారు పెద్దమ్మా, నీకు కనపడనిచోట రాస్తున్నారు అని చెప్పాల్సొచ్చింది. అప్పట్నుంచి నెలకి రెండు కథలు పుస్తకంగా మడిచి పంపిస్తున్నాను, రచయితల్ని ముందు అడిగే. ఒక్కరు కూడా కాదనలేదు. ఇద్దరు మాత్రం తమకీ ఒక కాపీ కావాలన్నారు. అవి ఆ వీధిలో నాలుగిళ్ళు తిరిగి, అంచుల్లో పెన్సిల్ రాతలతో ఆవిడ దగ్గరికి చేరతాయి. "ఈ పిల్లకి వంటింటి సంగతులు తెలీవు" అని ఒకచోట ఉంది. అంత నికరమైన విమర్శ ఆ కథకి ఆన్‌లైన్‌లో రాలేదు. "అద్భుతం", "హృద్యం", మూడు దండాలు. అంతే వచ్చాయి.

తెర మీద చదివే మనం, తెర మీద చదవలేనివాళ్ళని పాఠకుల లెక్కలోంచి నిశ్శబ్దంగా తీసేశాం. తెలుగు చదివేవాళ్ళు తగ్గిపోతున్నారని బాధపడేది కూడా మనమే. ఆ తగ్గినవాళ్ళలో కొందరు తెనాలిలో, కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుని ఉన్నారు. తెర మాత్రం శాశ్వతమా? డొమైన్ ఫీజు కట్టడం ఒకరు మర్చిపోతే ఒక పత్రిక పాత సంచికలన్నీ మాయమవుతాయి. నేను పదేళ్ళ కిందట దాచుకున్న లింకుల్లో చాలావాటికి ఇప్పుడు జవాబు రాదు.

కాబట్టి ఈ పత్రిక సంపాదకులతో సహా తెలుగు వెబ్‌పత్రికల వాళ్ళందరినీ ఒకటి అడుగుతున్నాను. ప్రతి కథ కింద, ప్రతి వ్యాసం కింద, షేర్ బటన్ల వరసలో, మడతకు సిద్ధంగా ఉన్న ఫైలు ఒకటి పెట్టండి. రచయిత ఒప్పుకున్నవాటికే పెట్టండి. చివరి పేజీలో "హక్కులు రచయితవి, చదువుకోడానికి అచ్చు వేసుకోవచ్చు" అని ఒక వాక్యం వెయ్యండి. పేజీని ముందే ఏ5 సైజులో, పదమూడు పాయింట్లకి తగ్గకుండా కూర్చండి. ఏ4 పేజీలు కూర్చి తర్వాత రెండేసి ఇరికిస్తే అక్షరం నూటికి డెబ్భై వంతులకి పడిపోతుంది. పన్నెండు పాయింట్లది ఎనిమిదిన్నర అవుతుంది. ఇంగ్లిష్‌కి అది చెల్లుతుందేమో కానీ, తెలుగులో "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటల కింద వత్తులు చీమ తలకాయలవుతాయి. మడత వైపు అంచు కాస్త ఎక్కువ వదలండి. ఒకసారి ఆ వరసని రాసి పెట్టుకుంటే సంచికలో పదిహేను రచనలున్నా పదిహేనింటికీ అదే పనిచేస్తుంది, ఒక్కొక్కదాన్ని తెరవక్కర్లేదు. బటన్‌తో ఆ పని చేసి చూడండి, మూడోదానికి విసుగొస్తుంది.

రచయితలకి చెప్పేది ఇంకా తక్కువ. పొడుగు చెయ్యి ఉన్న స్టేప్లర్ కొనుక్కోండి. మామూలుది కాగితం నడుమ దాకా అందదు. ఈ నెల మీ దగ్గరున్నవాటిలో పన్నెండు కవితలు తీసి పదహారు పేజీల్లో పెట్టండి. ముందుమాట వద్దు. నలభై కాపీలు.